నలభై ఒకటో స్తంభం

సెప్టెంబర్ 3. మీటరు 59,164

ఇది కారు పుస్తకం. మొదటి ఆరు పేజీలూ తమ్ముడి చేతిరాత. తేదీ, మీటరు, పోయించిన పెట్రోలు, టైర్లలో గాలి, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాల్లో ఉంటాయి. 6,214 దగ్గర అవి ఆగిపోయాయి. అక్కడి నుంచి నావి, కోళ్ళు కెలికినట్టుంటాయి. నడపడం మానేశాక వాడు ఈ పుస్తకం తెరవలేదు. అందుకే ఇందులో రాస్తున్నాను. ఇంట్లో వేరే పుస్తకంలో రాస్తే ఏంటది అని అడుగుతాడు.

నిరుడు నవంబరు 20న వాడికి మొదటిసారి ఫిట్స్ వచ్చాయి. స్నానాల గది గుమ్మం దగ్గర పడిపోయాడు. ఏడాది పాటు ఒక్కసారి కూడా రాకపోతే అప్పుడు స్టీరింగ్ పట్టుకో, అంతవరకు వద్దు అంది డాక్టరమ్మ. ఎనిమిదేళ్ళు కలవరించి కొనుక్కున్న బండి, చేతికొచ్చి అప్పటికి నాలుగు నెలలు. "ఇలాంటి బండి కదలకుండా ఉంటే చచ్చిపోతుందక్కా. నువ్వు రోజూ తీసుకెళ్ళు" అన్నాడు. అప్పటిదాకా బస్సులో వేలాడేదాన్ని. ల్యాబు నూట పన్నెండు కిలోమీటర్లు. కట్టుడు పళ్ళు చేసే మనిషి మూడు వందల గుర్రాల బండిలో పనికి పోవడం ఎక్కడా జరిగి ఉండదు.

వంటింటి క్యాలెండరులో వాడు రోజూ ఒక గడి కొట్టేస్తాడు. ఇంకా డెబ్బై ఎనిమిది ఉన్నాయి.

ఇంటికి రాగానే ఈ ఇంజన్ను టప్పున ఆపకూడదు, టర్బో చల్లారడానికి ఒక నిమిషం ఊరికే తిరగనివ్వాలని వాడే నేర్పాడు. ఆ ఒక్క నిమిషం నాకు పది నిమిషాలవుతోంది. మాత్రలేసుకుని వాడు ఎనిమిదింటికల్లా పడుకుంటాడు. ఆ తర్వాత ఇంట్లో చప్పుడు చేసేది ఫ్రిజ్ ఒక్కటే.

సెప్టెంబర్ 4. మీటరు 59,388

గురువారం. యంత్రాలతో పాటు ఇచ్చే పుస్తకాలుంటాయి కదా, ఏ బోల్టు ఎటు తిప్పాలో చెప్పేవి, వాటిని అనువాదం చేయడం తమ్ముడి పని. ఇంట్లోనే చేసుకుంటాడు. గురువారం మాత్రం ఆఫీసుకెళ్ళాలి. ఆఫీసు మా ల్యాబుకి రెండు వీధుల అవతల.

మామూలు రోజుల్లో పక్క సీట్లో పళ్ళ పెట్టె ఉంటుంది. ఇక్కడి ఇద్దరు పళ్ళ డాక్టర్ల దగ్గర అచ్చులు తీసుకుని నేనే ల్యాబుకి మోస్తాను. ప్లాస్టరు బరువు కదా, కారు దాన్ని మనిషనుకుని బెల్టు పెట్టమని టింగుటింగుమంటూ గోల చేస్తుంది. చేసేది లేక పెట్టెకి బెల్టు పెడతాను. అరడజను మంది పళ్ళు బుద్ధిగా బెల్టు పెట్టుకుని నాతో వస్తాయి. ఒక్కరూ నోరు విప్పరు.

గురువారం ఆ సీటు వాడిది. వాడి నోరు మూతపడదు.

"అక్కా, నాలుగులో ఏం చేస్తున్నావ్? మూడుకి దించు. ఇంజను ఏడుస్తోంది."

"అది ఏడవట్లేదు. ఏడ్చేది నువ్వు."

"సరే, ఇప్పుడు తొక్కు. ఆఁ... విన్నావా?"

విన్నాను. రోజూ వింటాను. ఆ సంగతి వాడికి చెప్పను.

నది మీద వంతెనకి ఎడమ పక్క దీపస్తంభాలు నలభై ఒకటి. చిన్నప్పుడు బస్సెక్కితే వాడికి వాంతులయ్యేవి. కిటికీలోంచి స్తంభాలు లెక్కపెట్టరా, కడుపు సంగతి మర్చిపోతావని చెప్పింది నేనే. ఇప్పుడు ముప్పై నాలుగేళ్ళు. వంతెన ఎక్కగానే ఎంత మంచి కబురైనా సగంలో ఆపేసి "ఒకటి, రెండు" అని మొదలుపెడతాడు. చివర "నలభై ఒకటి, అన్నీ ఉన్నాయి" అంటాడు, అవేవో వాడి పేరు మీద రాసిచ్చినట్టు.

సెప్టెంబర్ 8. మీటరు 60,060

వెనక టైర్లు నున్నబడ్డాయి. ఈ ఏడాదిలో ఇది రెండోసారి. మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళాను. బానెట్టు తెరవకుండా చెవి ఆనించి జబ్బు చెప్తాడని తమ్ముడు ఆయనకి చెవుల మేస్త్రి అని పేరు పెట్టాడు.

"అమ్మా, ఈ బండిని జనం ఆదివారం పూట షికారుకి తీస్తారు. మీరు ఆటోలా తిప్పుతున్నారు."

"పాడవుతుందా?"

"పాడవదు. అరుగుతుంది. రెండూ వేరు."

క్లచ్ తొక్కి తొక్కి నా ఎడమ మోకాలు కూడా అరిగిందని చెప్దామనుకున్నాను. ఆయన దానికీ చెవి ఆనిస్తాడేమోనని ఊరుకున్నాను. టైర్ల సంగతి తమ్ముడికి చెప్పలేదు. నేను తిరిగిన ప్రతి కిలోమీటరూ వాడికి మిగలనిదే కదా.

సెప్టెంబర్ 11. మీటరు 60,732

గురువారం. పెట్రోలు పోయించాం. విశేషం లేదు.

వచ్చేటప్పుడు వాడు స్తంభాలు లెక్కపెట్టలేదు. నిద్రొస్తోందన్నాడు. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి.

సెప్టెంబర్ 13. మీటరు 61,180

మొన్న విశేషం లేదని రాశాను. బంకులో నోరు జారి ఒక మాట అన్నాను. మాట కూడా కాదు, రెండక్షరాలు. పెట్రోలు పోసేవాడు అది అప్పుడే మర్చిపోయి ఉంటాడు.

సెప్టెంబర్ 18. మీటరు 62,076

పొద్దున్న వెళ్ళేటప్పుడు. ఎండ బాగుంది, రోడ్డు ఖాళీ. వాడి మొహం కూడా వారం తర్వాత కాస్త తేటపడింది. వాళ్ళ ఆఫీసులో బక్కోడనే స్నేహితుడున్నాడు. వాడు మిక్సీ పుస్తకంలో చేసిన తప్పు గురించి తమ్ముడు చెప్తున్నాడు, "మూత బిగించి తిప్పండి" అని రాయాల్సిన చోట "మూతి బిగించి తిప్పండి" అని అచ్చయిందట. ఇద్దరం పగలబడి నవ్వాం. వంతెన వచ్చింది. మొదలుపెట్టాడు.

పద్దెనిమిది. పంతొమ్మిది. ఆగాడు.

నదిలో పడవేదో చూస్తున్నాడనుకున్నాను. పక్కకి తిరిగి చూశాను. కళ్ళు తెరిచే ఉన్నాయి, కానీ దేన్నీ చూడట్లేదు. పెదాలు ఏదో చప్పరిస్తున్నట్టు కదులుతున్నాయి. చెయ్యి బెల్టు అంచుని నిమురుతోంది, ఒకే చోట, మళ్ళీ మళ్ళీ. "చిన్నా" అన్నాను. పలకలేదు. మళ్ళీ రోడ్డు చూశాను, మళ్ళీ వాణ్ణి చూశాను.

"ఇరవై" అన్నాడు.

ఏమీ జరగనట్టు, అదే గొంతుతో. ఇరవై ఒకటి, ఇరవై రెండు. ముప్పై అయిదుకి వంతెన అయిపోయింది. మొహం చిట్లించాడు.

"ఆరు పీకేసినట్టున్నారు" అన్నాడు. తర్వాత నవ్వాడు. "లేకపోతే నువ్వు తొక్కిన తొక్కుడికి ఎగిరిపోయుంటాయి."

నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో నాకే తెలీదు.

సెప్టెంబర్ 19. మీటరు 62,300

వెళ్ళేటప్పుడు నలభై ఒకటి. వచ్చేటప్పుడు నలభై ఒకటి.

సెప్టెంబర్ 20. మీటరు 62,524

నలభై ఒకటి.

సెప్టెంబర్ 22. మీటరు 62,748

ఆ వేగంలో ఆరు స్తంభాలంటే ఎనిమిది సెకన్లు. ఎనిమిది సెకన్లు ఎవరైనా పరధ్యానంలో పడొచ్చు. నేను మైనం చెక్కేటప్పుడు అరగంట పిలిచినా పలకనని ల్యాబు పెద్దాయన అంటుంటాడు. నాకేమైనా ఫిట్సా?

వాడికి చెప్పాలి. చెప్తే క్యాలెండరు మళ్ళీ మొదటి గడికి వస్తుంది. ఇంకా యాభై తొమ్మిది ఉన్నాయి, పొద్దున్న టిఫిను తింటూ పైకే చెప్పాడు, పరీక్షలు అయిపోబోతున్న పిల్లాడిలా. చెప్పకపోతే నవంబరు 20న తాళం వాడి చేతికిస్తాను. వాడు ఒక్కడే, ఈ బండిలో, ఆ వంతెన మీద పంతొమ్మిది దాకా లెక్కపెడతాడు.

ఇంకో సంగతి కూడా ఉంది. అది రాయను.

సెప్టెంబర్ 25. మీటరు 63,420

గురువారం. పోనూ రానూ నలభై ఒకటి. హమ్మయ్య. అంతా నా భ్రమ.

స్తంభాలు చూడకుండా వాడి పెదాలే చూస్తూ నడిపాను. ముందున్న లారీ బ్రేకు వేసింది. జానెడు దూరంలో ఆగాం. "అక్కా! కళ్ళెక్కడున్నాయి?" అని ఒంటికాలి మీద లేచాడు. ఏం చెప్పను, నీ మొహం మీద ఉన్నాయని చెప్పనా?

అక్టోబర్ 2. మీటరు 64,764

తలనొప్పని వాడు రాలేదు. పళ్ళ పెట్టెకి బెల్టు పెట్టాను.

అక్టోబర్ 9. మీటరు 66,108

డాక్టరు దగ్గరికి వెళ్ళాం.

"ఏమైనా వచ్చాయా?" అని అడిగింది.

"ఏమీ లేవండి. పది నెలల పైనే అయింది" అన్నాడు. గొంతులో గర్వం దాచుకోలేకపోయాడు.

"పక్కనుండే వాళ్ళు ఏమైనా గమనించారా?" కంప్యూటరు చూస్తూనే అడిగింది. అందరినీ అడిగే ప్రశ్నే. నేను పళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాను. ఇరవై మూడేళ్ళుగా పళ్ళతోనే బతుకుతున్నదాన్ని, ఆ మాత్రం బిగించలేనా అనుకున్నాను. కానీ నోరు తెరుచుకుంది.

"పోయిన నెల పద్దెనిమిదో తారీకు. వంతెన మీద. ఆరు స్తంభాలు."

ఆవిడ కంప్యూటరు వదిలేసి నావైపు తిరిగింది. అన్నీ అడిగింది. పెదాల సంగతి, చేతి సంగతి, పిలిస్తే పలికాడా లేదా. పడిపోతేనే ఫిట్స్ కాదు, ఇలా కొన్ని సెకన్లు మనిషి లేకుండా పోవడం కూడా అదేనని, వచ్చినవాళ్ళకి అది గుర్తుండదని చెప్పింది. మాత్ర మోతాదు పెంచింది. ఏడాది లెక్క సెప్టెంబరు 18 నుంచి మొదలు.

వరండాలో వాడు నా మొహం చూడకుండా అడిగాడు.

"ముందు నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెప్పాలనే అనుకున్నా."

"మూడు వారాలు అనుకున్నావా?"

"నీకు గుర్తుండదు చిన్నా. ఆవిడ చెప్పింది కదా."

"బాగుంది. నాకు గుర్తుండదు. నువ్వు చూశానంటావు. బండి ఇంకో ఏడాది నీ దగ్గరే. బంకులో అననే అన్నావుగా."

"ఏమన్నాను?"

"గుర్తులేదా? అయితే నీకూ ఫిట్సేమో చూపించుకో."

తిరిగొచ్చేటప్పుడు వెనక సీట్లో ఎక్కాడు. ఆ సీటు మనుషుల కోసం చేసింది కాదు, సంచులు పడేసుకోవడానికి. మోకాళ్ళు గడ్డానికి తగులుతుంటే నూట పన్నెండు కిలోమీటర్లూ అలాగే కూర్చున్నాడు. ముందు సీటు ఖాళీ. అందులో బరువు లేదు కాబట్టి బెల్టు కూడా మోగలేదు.

అక్టోబర్ 10. మీటరు 66,332

వచ్చేసరికి లేడు. ఆఫీసు పక్కన బక్కోడి గదిలో ఉంటానని చీటీ పెట్టాడు. మాత్రల డబ్బా తీసుకెళ్ళాడు, మంచిదే. రెండో తాళం బల్ల మీద ఉంది. క్యాలెండరు మేకుకే ఉంది, గడులు కొట్టిన చోట కాగితం చిరిగేలా గీతలు.

అక్టోబర్ 13. మీటరు 66,780

ఇక రాసేస్తాను.

ఆరోజు బంకతను కిటికీలోంచి వంగి, "సూపర్ బండి సార్, మీదేనా?" అని వాణ్ణి అడిగాడు. మగవాడు కనపడితే వాడిదే అనుకుంటారు కదా, నాకు ఒళ్ళు మండింది. నిజమే, మండింది. వాడు జవాబు చెప్పడానికి నోరు తెరిచేలోపు, స్టీరింగ్ వెనకనుంచి నేను "నాది" అన్నాను.

మా అమ్మ, మా ఇల్లు, మా వీధి అంటాం. ఒక్కగానొక్క బిడ్డ కూడా మా అమ్మ అనే అంటాడు. ఈ పది నెలల్లో ఈ బండి ఎవరిదని ఎవరడిగినా మాది అన్నాను. ల్యాబులో, మేస్త్రి దగ్గర, సిగ్నళ్ళ దగ్గర పందేనికి కవ్వించే కుర్రకారుతో కూడా. 'మా'లో వాడికి ఒక సీటుంది. ఆరోజు 'నా' అని ఆ సీటు పీకేశాను. అది వాడికి వినపడింది. మూతి ముడుచుకుని కిటికీ వైపు తిరిగాడు. నేను చూసి కూడా చూడనట్టు గేరు వేశాను.

నోరు జారడం కాదు. ఈ బండి నాకు కావాలి. పొద్దున్న ఆరింటికి రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు మూడో గేరులో తొక్కితే వీపు సీటుకి అతుక్కుపోతుంది, ఎవరో వెనకనుంచి గట్టిగా పట్టుకున్నట్టు. నా పెళ్ళి ముగిసి ఏడేళ్ళు. ఏడేళ్ళుగా నన్నెవరూ పట్టుకోలేదు. వాడికి జబ్బు చేయడం వల్ల నాకొక సుఖం దొరికింది. నవంబరు 20 దగ్గర పడుతుంటే వాడికి సంతోషం, నాకు దిగులు. ఆ దిగులు నాకు సెప్టెంబరు మొదట్నుంచీ ఉంది.

కానీ స్తంభాలు నలభై ఒకటి. వాడు ముప్పై అయిదు లెక్కపెట్టాడు. నా కోరికా నిజమే, నేను చూసిందీ నిజమే. ఒకటి నిజమైతే రెండోది అబద్ధమై తీరాలని వాడంటున్నాడు. వాడి చోట నేనున్నా అదే అనేదాన్ని.

అక్టోబర్ 16. మీటరు 67,452

గురువారం. మధ్యాహ్నం వాళ్ళ ఆఫీసు వీధిలోంచి వెళ్ళాను. ఆ వీధిలో నాకు పని లేదు. గేటు బయట వాడూ బక్కోడూ ఇంకో ఇద్దరూ నిలబడి ఉన్నారు. ఈ బండి చప్పుడు అర కిలోమీటరు ముందే వినపడుతుంది. అందరూ తిరిగి చూశారు. వాడొక్కడూ తిరగలేదు.

అక్టోబర్ 18. మీటరు 67,900

సోమవారం నుంచి బస్సు.

అక్టోబర్ 20. మీటరు 67,900

రెండు బస్సులు మారి మూడు గంటలు. సీటు దొరకలేదు. పళ్ళ పెట్టె ఒళ్ళో పెట్టుకోవడానికి ఒడి కూడా లేదు, నెత్తి మీద పెట్టుకోవడం ఒక్కటే తక్కువ.

"కారేదమ్మా?" అని అడిగాడు ల్యాబు పెద్దాయన.

"రిపేరు."

"ఏం పోయింది?"

"పక్క సీటు."

అర్థమైనట్టు తలూపాడు. ఆయనకేం అర్థమైందో.

అక్టోబర్ 21. మీటరు 67,900

బస్సులోంచి కూడా నలభై ఒకటే.

అక్టోబర్ 24. మీటరు 67,900

ఇదంతా ఎవరికి చూపించడానికి? బండి మీద ఆశ లేదని వాడికి చూపిద్దామంటే వాడు నూట పన్నెండు కిలోమీటర్ల అవతల ఉన్నాడు. ఫోను ఎత్తడు. "మందు వేసుకున్నావా" అని రోజూ ఒక మెసేజ్ పెడతాను. చూసినట్టు గుర్తు పడుతుంది. అంతే.

అక్టోబర్ 27. మీటరు 67,900

ఒకాయన పై పళ్ళ సెట్టు పూర్తి చేసి పంపాను. సాయంత్రం డాక్టరు ఫోన్ చేశాడు. పద్నాలుగు ఉండాల్సిన చోట పదమూడే ఉన్నాయట. పెద్దాయన కేకలేయలేదు. కేకలేస్తే బాగుండేది. "రెండు రోజులు సెలవు పెట్టమ్మా" అన్నాడు. సెలవు పెట్టి ఎక్కడ కూర్చోను? ఇంట్లోనా?

నవంబర్ 3. మీటరు 67,900

బస్సు దిగి, ఇంట్లోకి వెళ్ళకుండా వచ్చి కార్లో కూర్చుంటాను. చల్లారడానికి ఇంజను వేడెక్కిందే లేదు. అయినా నలభై నిమిషాలు పడుతోంది. ఇవాళ అటు వంగి పక్క సీటు బెల్టు పెట్టాను, ఖాళీ సీటుకి. టక్కుమని శబ్దం వచ్చింది. బాగుందనిపించింది. వెంటనే ఏడుపొచ్చింది.

నవంబర్ 10. మీటరు 67,912

బ్యాటరీ చచ్చింది. చెవుల మేస్త్రి వచ్చి బతికించి, ఊరి చుట్టూ పన్నెండు కిలోమీటర్లు తిప్పుకొచ్చాడు. నన్ను ఎక్కమన్నాడు. ఎక్కలేదు.

"తోలితే అరుగుతుంది, తోలకపోతే చస్తుందమ్మా. ఏదో ఒకటి తేల్చుకోండి" అన్నాడు. చేతులు తుడుచుకుంటూ, "మీ తమ్ముడుగారు రెండుసార్లు ఫోన్ చేశారు. బండెలా ఉందని."

"ఏం చెప్పారు?"

"మూడు వారాలుగా కదల్లేదని చెప్పాను. నమ్మలేదు. మా అక్క సంగతి మీకు తెలీదు అన్నారు."

మా అక్క అన్నాడు. మేస్త్రికి అది మామూలు మాటే.

నవంబర్ 19. మీటరు 67,912

బస్సు దిగి వచ్చేసరికి కార్లో ఎవరో ఉన్నారు. దొంగనుకుని పళ్ళ పెట్టె ఎత్తాను. పక్క సీట్లో తమ్ముడు. బల్ల మీది తాళం తీసుకుని ఎక్కి కూర్చున్నాడు. సన్నబడ్డాడు. ముందు గుండె గుభేలుమంది, ఈ పుస్తకం చదివాడేమోనని. చదవలేదన్నాడు. చదివినా అలాగే అంటాడు.

స్టీరింగ్ వైపు ఎక్కి కూర్చున్నాను.

"నెల రోజుల్లో పన్నెండు కిలోమీటర్లు. అవీ మేస్త్రివి" అన్నాడు మీటరు చూస్తూ.

"బస్సే హాయిగా ఉంది. కిటికీ పక్కన కూర్చుని పోవచ్చు."

"అబద్ధం."

"సరే, నిలబడే పోతున్నాను. అయితే ఏంటి?"

 తర్వాత డాష్‌బోర్డు మీది దుమ్ములో వేలితో గీతలు గీస్తూ చెప్పాడు.

"శనివారం బక్కోడికి కాఫీ పోస్తున్నా. 'రేపు' అన్నానట. ఆ తర్వాత ఏమీ అనలేదట. కాఫీ గ్లాసు నిండి, బల్ల నిండి, వాడి ప్యాంటు మీద పడింది. జోకు చేస్తున్నాననుకుని నవ్వాడట. నాకు తెలిసిందల్లా, రేపు అన్నాను, చూస్తే కింద కాఫీ మడుగు. మధ్యలో ఏమీ లేదక్కా. ఖాళీ కూడా లేదు."

"చెయ్యి కాలిందా?"

"నీకు చెయ్యే కావాలి." నవ్వబోయాడు, రాలేదు. "నాకు కనపడనిది నీకు కనపడిందని కోపం. ఎప్పటికీ తోలలేనేమోనని భయం. ఆ రెండూ నీ మీద పడేశాను."

బంకు మాట నేనే ఎత్తాను. ఆరోజు నిజంగానే నాది అనుకునే అన్నానని చెప్పాను. అబద్ధం చెప్పి ఉంటే తేలిగ్గా పోయేది. వాడు కిటికీ వైపు తిరిగాడు. "తెలుసు" అన్నాడు. పర్లేదు అనలేదు. ఇద్దరం దిగి లోపలికి వెళ్ళాం. ఉన్నదేదో పంచుకు తిన్నాం. ఎనిమిదింటికి పడుకున్నాడు. ఫ్రిజ్ చప్పుడు ఇవాళ వినపడలేదు.

నవంబర్ 20. మీటరు 68,136

ఈ అంకె వాడి చేతిరాత. ఇది కార్లో కాదు, వంటింట్లో రాస్తున్నాను. వాడు ఎదురుగా కూర్చుని వారానికి సరిపడా మాత్రలు డబ్బా గళ్ళలో వేసుకుంటున్నాడు. ఏం రాస్తున్నావని అడిగాడు. మీటరు అన్నాను. అంకె రాశాక ఇంకా పేజీలకి పేజీలు ఏంటన్నాడు. టైర్లలో గాలి అన్నాను.

గురువారం, వాడు చేతికి తాళం వస్తుందని ఏడాదిగా ఎదురుచూసిన రోజు. పొద్దున్నే లేచి తయారై, తాళం నా చేతిలో పెట్టి, తన తలుపు తీసుకుని ఎక్కాడు. పళ్ళ పెట్టె వెనక సీట్లోకి పోయింది.

మొదట బంకు. అదే మనిషి.

"చాలా రోజులైంది మేడమ్ మీ బండి చూసి" అన్నాడు.

"మాది" అన్నాను. అతను అడిగింది అది కాదు. అయినా ఆగలేకపోయాను. "వీడు కొన్నాడు. నేను తోలుతున్నాను. మాది."

అతను మమ్మల్ని మార్చి మార్చి చూసి, ఎంత పోయమంటారని అడిగాడు.

"ఫుల్లు" అన్నాడు తమ్ముడు.

మూడులో ఉంచమన్నాడు, ఉంచాను. ఇంజను నెల రోజుల తర్వాత గొంతు విప్పింది. వీపు సీటుకి అతుక్కుంది. వాడు కళ్ళు మూసుకుని ఆ చప్పుడు వింటుంటే, ఈ సుఖం వాడి దగ్గర కొట్టేసింది కాదేమో, ఇద్దరం కలిసి వింటున్నదేమో అనిపించింది. అనిపించడం వేరు, నిజం వేరు. అయినా రాస్తున్నాను.

వంతెన. వాడు నా వైపు ఒకసారి చూసి మొదలుపెట్టాడు. పది. పదకొండు. పన్నెండు.

ఆగాడు.

ఈసారి పక్కకి తిరగలేదు. చెయ్యి బెల్టు అంచు మీద కదలడం కంటి కొసకి కనపడింది. రోడ్డు మీంచి చూపు తీయలేదు, వేగం తగ్గించి, "పదమూడు" అన్నాను పైకి. పద్నాలుగు. పదిహేను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. పదహారు. పదిహేడు.

నేను "పద్దెనిమిది" అంటుంటే వాడు "పదమూడు" అన్నాడు.

రెండూ ఒకేసారి వినపడ్డాయి. వాడు ఠక్కున ఆగి నన్ను చూశాడు.  

"పంతొమ్మిది" అన్నాను.

 తర్వాతి స్తంభం దాటబోతుండగా వాడు గొంతు సవరించుకున్నాడు.

"ఇరవై" అన్నాడు.

అక్కడి నుంచి ఇద్దరం లెక్కపెట్టాం. చివరి స్తంభం వాడు నాకొదిలేశాడు, నలభై ఒకటి నేనే అన్నాను. వంతెన దిగి చాలా దూరం వెళ్ళాక, కిటికీలోంచి చూస్తూ, "అన్నీ ఉన్నాయి" అన్నాడు.